బిస్కెట్ మెడ తిప్పింది

పెద్దమ్మా,

ఇక్కడ సిగ్నల్ లేదు, అందుకే ఈ ఉత్తరం. పిస్కాటవేలో మీ ఇంట్లో అందరూ బాగున్నారా? ఈ మోంటానా రాంచ్‌లో సెలవులకు వచ్చే గెస్టులు గుర్రాలెక్కి తిరుగుతారు. వాళ్ల కోసం గుర్రాలను సిద్ధం చేయడం ఈ వేసవికి నా ఉద్యోగం.

నిన్నొకటి అడగాలి. చిన్నప్పుడు మీ ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే తాకి కళ్లకద్దుకోమన్నావు. మనుషులకైనా అంతే అన్నావు. ఇక్కడ గుర్రం కదలాలంటే డొక్కలో మడమతో తట్టాలి. తట్టిన ప్రతిసారీ నాకు తెలియకుండానే గుర్రాన్ని ఆపి, వంగి, మెడ తాకి కళ్లకద్దుకున్నాను. గెస్టులకిచ్చే ముందు నేను రోజూ ఎక్కి తిప్పేది బిస్కెట్ అనే గుర్రాన్నే.

ఇప్పుడు ఎవరు మడమ తగిలించినా బిస్కెట్ నడవడం లేదు. ఆగి, మెడ వెనక్కి తిప్పుతోంది. గెస్టులు విసుక్కుంటున్నారు. మా ఓనర్ డార్లా, “దీనికేమైందో నీకేమైనా తెలుసా? ఇలాగే ఉంటే సీజన్ అయ్యాక అమ్మేస్తాను” అంది. తెలియదన్నాను. నిజం చెప్పాలన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

కళ్లకద్దుకోకపోతే పాపమన్నావు. అద్దుకుంటే దాన్ని అమ్మేస్తారు. ఏది పెద్ద పాపం?

ఇవాళ పొద్దున దాన్ని ఎక్కి, తట్టి, చేతులు రెండూ పగ్గాల మీదే ఉంచాను. అది ఆగి వెనక్కి చూసింది. మళ్లీ తట్టాను. నేను మరిచిపోయాననుకుందేమో, మెడ ఇంకాస్త దగ్గరికి తెచ్చింది.

నా చెయ్యి పగ్గాల మీద నిలవలేదు.

ఏం చేయమంటావో తొందరగా రాయి. రేపు కూడా దాన్ని ఎక్కేది నేనే.

నీ చెల్లెలి కూతురు