గల్లీ దాటిన గీత

సికింద్రాబాద్, లాలాగూడ
23 ఫిబ్రవరి 2005

వార్డు ఇంజనీరు రామభద్రరావు గారి సముఖానికి,

నా పేరు పుష్పమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో చెప్పకుండానే మా అమ్మ పోయింది. కాలం చేసిన పర్వతాలు భార్యను. ఇంట్లో నేను, కొడుకు సదాశివ, కోడలు. మోండా మార్కెట్ నుంచి ఆకుకూర తెచ్చి మా ఇంటి అరుగు మీద అమ్ముకుంటాను. చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి మేబెల్ టీచర్ రాస్తున్నది. తమరూ తమ పిల్లలూ చల్లగా ఉండాలని ముందు కోరుకొని, ఆ తర్వాతే తగువుకు వస్తున్నాను.

అయ్యా, పోయిన గురువారం తమరు మా గల్లీలో కుర్చీలు వేయించి అందరినీ పిలిచారు. కొత్త మోరీ, మురుగు కాలువ, ఎటు పోవాలో మీరే చెప్పండి అన్నారు. మమ్మల్ని అడిగిన ఆఫీసరును అప్పుడే మొదటిసారి చూశాను. మా వైపు వస్తే నా అరుగు పోతుందన్నాను. ఎదురింటి వడ్రంగి, పేరు బ్రహ్మచారి, లేచి, నా దిక్కు జాగా ఉన్నది, నా గోడ పొంటి పోనియ్యండ్రి, అక్క బేరం ఎందుకు చెడగొట్టాలె అన్నాడు. అందరం చేతులెత్తాం. తమరు ఆయన గోడ వెంట సున్నంతో గీత గీయించి, కూలీలు దాని మీదే తవ్వుతారని చెప్పి వెళ్లారు.

మర్నాడు శుక్రవారం. మర్యాద తెలిసిన ఆఫీసరు మళ్లీ వచ్చే గల్లీ అని, బ్రహ్మచారి పెళ్లాం ఊళ్లో లేకపోయినా ఆ వాకిలి కూడా నేనే ఊడ్చి నీళ్లు చల్లాను. మా అరుగు కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా ముగ్గు పెట్టాను. ఆనాటి నుంచి రోజూ ఇదే పని. నా మర్యాదకు దక్కిందేమిటి?

నిన్న మార్కెట్ నుంచి వచ్చేసరికి గుంత నా అరుగును ఆనుకొని ఉంది! గంప దించకుండానే మేస్త్రీని పట్టుకున్నాను. ఏందిరా గిది, ఎవడు చెప్పిండు అంటే, గీత ఉన్న కాడనే తవ్వినం పెద్దమ్మా, ఎల్లుండి అరుగు సుత కొట్టేస్తం, జెర పక్కకు జరుగు అన్నాడు. అటు వైపు చూస్తే గీతే లేదు.

గీతకు కాళ్లొచ్చి గల్లీ దాటిందా? తమరు మనసు మార్చుకున్నారా? బ్రహ్మచారి చెరిపాడా? నిలదీస్తే, పాగల్ అయినవా అక్కా, ఇస్తానన్న జాగా నేనే దాస్తనా అని నా మీదే లేచాడు. అదీ నిజమే అనిపిస్తుంది. సదాశివేమో, అడిగేది అడుగుతరు, చేసేది చేస్తరు, పరేషాన్ గాకమ్మా అంటాడు. అట్లయితే నా చేయి ఎందుకు ఎత్తించారు?

అరుగు పోతే నేను మూలన కూర్చునే ముసలిదాన్ని అవుతాను. అది నా వల్ల కాదు. రేపు గునపం పడే లోపల తమరు రావాలి. రాకుంటే అరుగు మీదే కూర్చుంటాను, నాతో కలిపి తవ్వుకోండి.

ఇట్లు,
పుష్పమ్మ నిశానీ, ఎడమ బొటనవేలు

సాక్షులు: ఎదురింటి బ్రహ్మచారి, అనుమానం ఇంకా తీరలేదని ముఖం మీదే చెప్పి సంతకం చేయించాను. గల్లీ చివరింటి మార్త.

తా.క. అయ్యా, ఇది మేబెల్ రాస్తున్నది. మార్త సంతకం తీసుకొని తిరిగి వస్తూ గుంత దగ్గర ఆగాను. అంచున మట్టి మీద సగం తెగిన ముగ్గు గీత ఇంకా ఉంది. ఆ తెల్లగీతనే మీ గీత అనుకొని కూలీలు తవ్వారు. బ్రహ్మచారి గోడ పక్కన మీరు గీయించిన సున్నపు గీత శుక్రవారమే పాత ముగ్గు కింద పుష్పమ్మ చీపురుకు పోయింది. నిన్నటి ముగ్గును కడగకుండా ఉంచే అలవాటు ఆమెకు లేదు.

ఈ సంగతి పుష్పమ్మకు చెప్పాను. ఉత్తరం చించేయనా అంటే కసిరింది. చించకు టీచరమ్మా, నేను ఊడ్చింది సుత రాయి, కానీ గీతను నమ్మినోళ్లు గల్లీల ఒక్కర్నన్న అడిగిన్రా అన్నది. తర్వాత బ్రహ్మచారిని పిలిచి, రేపు పొద్దుగాల మీ గోడ పొంటి నేనే ముగ్గేస్తా, తొక్కినవంటే చూడు అన్నది.

కనుక, మీరు రాలేకపోతే, రేపు ఆ ముగ్గు మీద తవ్వమని మేస్త్రీకి కబురు పంపండి.