రెండో వరుసలో నవ్వు

ఫ్రాస్కాతి,
2022 నవంబరు 13, ఆదివారం.

అమ్మా సబీనా,

నువ్వూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తూ ఈ ముసలివాడు ఆశీస్సులతో రాస్తున్నాడు. నేను చప్పట్ల ఒత్తావియోని. రోములో మీ టీవీ పాటల పోటీ షూటింగుల్లో కెమెరా పక్కన నిలబడి, ప్రేక్షకులు ఎప్పుడు చప్పట్లు కొట్టాలో, ఎప్పుడు నవ్వాలో సైగ చేసేవాణ్ణి. ఇరవై ఏళ్లు అదే ఉద్యోగం. ఇప్పుడు మోకాళ్లు సైగ చేస్తే నేను కూర్చుంటున్నాను.

ఆ పోటీ తెర వెనక బాగోతం మీద తీసిన డాక్యుమెంటరీని మొన్న మా వీధి కాఫీ బారులో అందరం కలిసి చూశాం. ఆడపిల్లలు సన్నబడాలని తిండి పెట్టకపోవడం, ఒప్పంద పత్రాలు చదవనివ్వకుండా సంతకాలు పెట్టించడం, అన్నీ బయటపెట్టారు. బారు యజమాని రెనాతో నా భుజం చరిచి, ఏమయ్యా పెద్దమనిషీ, ఇంత జరుగుతుంటే నువ్వు చప్పట్లు కొట్టిస్తున్నావా అన్నాడు. అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

తర్వాత నువ్వు కనబడ్డావు. అప్పటికి పదిహేనేళ్ల పిల్లవి; పాట మధ్యలో నీ గొంతు పోవడం, వ్యాఖ్యాత నిన్ను వెక్కిరించడం, హాలంతా నవ్వడం మళ్లీ చూపించారు. వెంటనే రెండో వరుసలో పగలబడి నవ్వుతున్న మీ అమ్మ అసుంత ముఖం. ఆ తర్వాత ఇప్పటి నువ్వు కెమెరా ముందు కూర్చుని, ఊరంతా నవ్వినా తట్టుకునేదాన్నండీ, కానీ మా అమ్మ నవ్వింది, టీవీలో అది చూసిన రోజే నాన్నమ్మ దగ్గరికి వెళ్లిపోయాను, పద్దెనిమిదేళ్లుగా మా మధ్య మాటల్లేవు అని చెప్పావు. రెనాతో భార్య కళ్లు తుడుచుకుని, కన్నతల్లా అది, రాయి అంది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ రోజు హాలు నవ్వింది నా వల్లే సబీనా. వ్యాఖ్యాత కన్ను గీటాడు, నేను చెయ్యెత్తాను, మూడొందల మంది నవ్వారు. క్షమించమని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
తలెత్తుకోలేని
ఒత్తావియో

తా.క.: కవరు అంటించి రెండు రోజులు బల్ల మీదే ఉంచి, మళ్లీ చించాను. అసలు సంగతి రాయకపోతే ఇది ఇంకో మోసం. షూటింగు మొదలవకముందే, వేదిక ఖాళీగా ఉండగా, ప్రేక్షకుల్ని నవ్వించి ఆ ముఖాలు కెమెరాలో తీసి పెట్టుకునేవాళ్లం. తర్వాత కావలసిన చోట అతికించేవారు. మీ అమ్మ నవ్వింది అప్పుడే, నువ్వు పాడటానికి గంట ముందు, నేను చెప్పిన ఓ పిచ్చి జోకుకి. నీ గొంతు పోయినప్పుడు ఆవిడ లేచి నీ దగ్గరికి పరిగెత్తబోయింది. రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది నేను.

ఈ ఉత్తరం నకలు డాక్యుమెంటరీ తీసినవాళ్లకూ పంపుతున్నాను, నా పేరుతో సహా చూపించమని.

ఇంకొకటి. నువ్వు నాన్నమ్మ దగ్గరికి వెళ్లిపోయిన కొత్తలో, ఈ మాట నీకు చెప్పమని అడగడానికి మీ అమ్మ రెండుసార్లు మా ఇంటికొచ్చింది. నేను చెబితే సాకు అంటోందండీ, మీరు చెబితే నమ్ముతుంది అని బతిమాలింది. ఉద్యోగం పోతుందని, నాకేమీ గుర్తులేదమ్మా అని తలుపేసుకున్నాను. రెండోసారి ఆవిడ వెంటనే వెళ్లలేదు. మా మెట్ల మీదే చాలాసేపు కూర్చుంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.