తువ్వాల కింద జీపు బేరం

నల్లగొండ, బుధవారం

బాపూ, నిన్న పగలు పదకొండు గంటలకు పాత మిలిటరీ జీపు బేరం నాలుగు వేలకు కుదిరింది. యజమాని అహ్మద్ అలీ ఐదు వేలు చెప్పాడు. భిక్షం చిన్నాయిన ఎడ్ల సంతలో లాగే తువ్వాల కప్పి, కింద అతని వేళ్లు పట్టుకుని గుట్టుగా ధర చెప్పాడు.

"భిక్షమన్నా, గిది ఎద్దు కాదు, జీపు!" అని అలీ నవ్వాడు.

"ఎద్దయితె పెండన్న ఏస్తది. జర తగ్గియ్యి" అన్నాడు చిన్నాయిన.

దేవరకొండ బాట మీద నడిపి చూశాం. ఎడ్లబండి కుదుపుకు ఓర్వలేని అవ్వ, ముందు సీట్లో కునుకుతూ దవాఖానకు పోతున్నట్లే నాకు తోచింది.

సగం పైకం వాయిదాల్లో కట్టాలి. దానికి నీ జామీను సంతకం లేకుంటే బండి నకిరేకల్ వ్యాపారికి పోతుంది. పట్టా కాగితం తీసుకురా. గొర్రెలకు గాలికుంటు తగ్గిందా? అవ్వకు దండాలు. శనివారం పొద్దున పదింటికి రాతకోతలు. కల్వకుర్తి మొదటి బస్సు ఆగేచోట నేనుంటాను.

ఐలేశం