మూగబోయిన సవారి

దోహా,
14-11-1996

నాయనకు నీ కొడుకు ఖాసీం సలాములు. నేనిక్కడ తింటూ తిరుగుతూ బాగానే ఉన్నాను. అమ్మ, చెల్లెలు రమీజా, నీ మోకాళ్లు, నీ దగ్గరికి బాగుచేతకొచ్చిన తంబురలు అన్నీ కుదురుగా ఉన్నాయని జాబు రాస్తే నాకదే చాలు.

ముందు అమ్మ అడిగినవాటికి జవాబులు. ఒంటె మాంసం తినలేదు. ఎండలు తగ్గాయి. జపాను సారు అరవడు. కోపమొస్తే ఇంకా మెల్లగా మాట్లాడతాడు, భయమంతా దానికే. ఆయన వారమంతా అల్ ఖోర్ వైపు గ్యాస్ కంపెనీలో ఉంటాడు. ఆయన భార్య మేడమ్‌ని కారులో తిప్పే డ్యూటీ నాది. ఇంట్లో వంటా ఊడ్పూ కదిరి రెహానక్క చూస్తుంది.

మేడమ్ దగ్గర మూడు తీగల వాయిద్యం ఉందని రాశాను కదా. షమిసెన్ అంటారు. పోయిన శనివారం దాన్ని పట్టుకుని బయటికొచ్చి, "సవారి, ఖాసీం, సవారి" అంది. కళ్లలో నీళ్లు. సవారీ అంటే డ్రైవర్లకు బండెక్కే మనిషే కదా. ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుని పరుగున పోయి కారు గేటు ముందు పెట్టి, ఏసీ వేసి, తలుపు తెరిచి నిలబడ్డాను. ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వింది.

వాళ్ల సవారి వేరు. వాయిద్యం మెడ పైభాగాన చిన్న ఇత్తడి మర ఉంటుంది. వెనక నుంచి తిప్పితే దాని కొన లావు తీగను అంటీ అంటనట్టు తాకుతుంది. అప్పుడు తీగ జుమ్మంటుంది. నువ్వు తంబుర తీగ కింద నూలుపోగు పెట్టి జీవా కడతావే, అదే పని. ఆ మర విరిగిపోయింది. రేపు శుక్రవారం ఇక్కడి జపాను కుటుంబాల ముందు ఆమె వాయించాలి. కొత్తది జపాను నుంచి రావాలంటే మూడు వారాలట. నేను చేయిస్తానన్నాను.

ఉమ్ ఘువైలినాలో హైదరాబాదు ఫసీయుద్దీన్ లేత్ షాపుంది. పంపుల షాఫ్టులు చేసే మనిషి. విరిగిన ముక్కను అరచేతిలో పెట్టుకుని, "ఏం మియా, దోమకు నట్టు బిగిస్తావా?" అన్నాడు. అయినా పాత కుళాయి ఇత్తడిలోంచి రెండు రోజుల్లో అచ్చం అలాంటిదే తీశాడు. దాన్ని వాయిద్యానికి బిగించి కొంచెం పైకి తిప్పితే తీగ చచ్చింది, కొంచెం దించితే రేకు డబ్బాలా గరగరలాడింది. "కొలత పక్కా ఉంది భాయ్, ఇంక నా చేతుల్లో లేదు" అన్నాడు.

అక్కడ నీ విద్య పనికొచ్చింది నాయనా. ఆకురాయి తీసుకుని మేడమ్ ఎదుటే నేల మీద కూర్చున్నాను. కొన మీద ఒక్క గీటు, మళ్లీ బిగించడం, మళ్లీ వినడం. "కంటితో కాదురా, చెవితో అరగదియ్" అని నువ్వు తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. ముప్పైసార్లకు పైనే తీసి పెట్టి ఉంటాను. నిన్న సాయంత్రం నాలుగింటికి తీగ పలికింది. మేడమ్ లేచి నడుము వంచి నాకు దండం పెట్టింది. ఈ దోహాలో ఇది చెయ్యగలిగినవాణ్ని నేనొక్కడినే. పొగరనుకున్నా సరే.

రమీజా, ఇక్కడ ఆపి అమ్మను ఏదో పని మీద లోపలికి పంపు. మిగతాది నాయనకు మెల్లగా చదువు.

ఆ మర విరిచింది నేనే. పోయిన శుక్రవారం మేడమ్ వాయిద్యాన్ని పెట్టెలో సర్దమని నా చేతికిచ్చింది. వేలు తగిలి తీగ జుయ్యిమంది. ఎక్కడో వదులైందనుకున్నాను. బండి తోలేవాడికి మోత వినిపిస్తే బిగించడమే తెలుసు. ఆ మరను గట్టిగా తిప్పాను, టక్కుమంది. పెట్టె మూసి వచ్చేశాను. ఆ గది ఊడ్చేది రెహానక్క గనక సారు అనుమానం ఆమె మీదికి పోయింది. నెలాఖరుకు ఇంటికి పంపేస్తానన్నాడు. ఆమె ఖురాన్ మీద ఒట్టేసినా నేను నోరు విప్పలేదు. నాలుగు రోజులు. సిగ్గుగా ఉంది నాయనా.

నిన్న ఆ దండం నేను తట్టుకోలేకపోయాను. "మీ బ్రోకెన్, మేడమ్. రెహానా మాఫీ" అన్నాను. ఇక్కడ మాఫీ అంటే లేదు అని. విరిచింది నేనని, రెహానా తప్పు లేదని ఆమెకు అర్థమైంది. తర్వాత సారుకు ఫోన్ చేసింది. రెహానక్క ఉంటుంది, అది ఖాయం. నా సంగతి శనివారం చెప్తానన్నాడు సారు, చాలా మెల్లగా. రేపు మాత్రం మేడమ్ నన్ను పక్కనే కూర్చోమంది, మర కదిలితే సరిచెయ్యడానికి.

ఉద్యోగం పోతుందన్న భయం నాకు లేదు. బాధల్లా ఒకటే. జీవా కట్టే మనిషి కొడుకునై ఉండి, జీవాను జబ్బనుకున్నాను. ఏడాది నేర్పావు, నేను పారిపోయి స్టీరింగ్ పట్టుకున్నాను. సారు ఉంచుకుంటే బండి తోలుతాను. పంపేస్తే ఏడుస్తూ రాను. వచ్చి, నువ్వు వద్దన్నా సరే, నీ పక్కన చాప వేసుకుని కూర్చుంటాను.

ఇట్లు,
నీ తిట్ల కోసం కాచుకుని ఉన్న కొడుకు,
ఖాసీం