వాకిట్లో వడగళ్ళు

ఆదివారం రాత్రి

మధ్యాహ్నం మైపాడులో శనగగింజలంత వడగళ్ళు పడ్డాయి. వాకిలంతా తెల్లబడింది. "అమ్మా, మంచు!" అని మా చిన్ని కేకేసింది.

పడవలో జారిపడి నడుం విరిగాక ఏడాదిగా మా ఆయన మంచం మీదే ఉన్నాడు. "నన్ను గూడా బయటికి తీసకపో" అన్నాడు. ఇన్నాళ్ళలో ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం ఇదే మొదలు.

"జబ్బు మనిషిని తడిపి చంపతావా?" అంటూ అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"జరుగత్తా. జొరమొస్తే నేను చూసుకుంటాలే" అని ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వాకిట్లోకి తోశాను.

చిన్ని గుప్పెడు వడగళ్ళు తెచ్చి వాళ్ళ నాన్న చొక్కాలో పోసింది. ఆయన కెవ్వుమని, పగలబడి నవ్వాడు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తే చూశారు.

ఇప్పుడు ఆయన ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. నాకు భయంగానే ఉంది. అత్త ఇంకా కోపంగానే ఉంది. అయినా సరే, జ్వరం తగ్గగానే సముద్రం దాకా తీసుకెళ్తాను. ఎవరడ్డమొస్తారో చూస్తాను.