సానపట్టే షెడ్డులో ఊపిరి

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాస్తున్నది. ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ చెల్లీ కూడా బాగున్నారనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను. మోకాలికి మందు రాస్తున్నావా, లేక సీసా అలమరలోనే నిద్రపోతోందా? ఫోన్ ఎందుకు చెయ్యడం లేదని అడిగావు. చేస్తే నా గొంతు విని ఏదో ఉందని పట్టేస్తావు. అందుకే ఉత్తరం.

‘లెక్కలేసుకునేదానికి ఫ్యాక్టరీలో ఏం పనే?’ అన్నావు. నాన్న పోయేదాకా పనిచేసిన రాళ్ల ఫ్యాక్టరీయేనమ్మా నన్ను పిలిచింది. అక్కడ ఏటా కార్మికులకు వైద్యపరీక్షలు చేస్తారు, ఊపిరి బలం చూడ్డానికి గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు. ఏ ఏటికాయేడు చూస్తే అందరూ నార్మలే. నేను అన్నేళ్ల పరీక్షలూ కలిపి, వయసూ ఎత్తూ సిగరెట్ అలవాటూ లెక్కలోకి తీసుకుని, ఒక్కొక్కరి ఊపిరి ఎటు పోతోందో గీత గీస్తాను. సానపట్టే షెడ్డు వాళ్ల గీతలన్నీ కిందికే దిగుతున్నాయి. సిగరెట్ ముట్టనివాళ్లవి కూడా.

“అందరూ హద్దులోనే ఉన్నారు కదమ్మా!” అన్నాడు మేనేజరు.

“ఉన్నారు సార్. కానీ అందరూ ఒకే గోతివైపు నడుస్తున్నారు.”

ఆయన విసుక్కున్నాడు గానీ, ఫ్యాక్టరీ డాక్టరుగారు గీతలు చూసి షెడ్డు మూయించారు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ సానపట్టే యంత్రాలు వచ్చాకే తెరుస్తారట. మనుషుల్ని పెద్దాసుపత్రికి పంపుతున్నారు. కొందరికి ఆలస్యమైపోయింది.

ఫోటోలో నా కళ్లకింద నలుపేమిటని అడిగావు. పట్టపగలే పక్కగదిలో నాన్న దగ్గు వినిపిస్తోందమ్మా. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. పాత పరీక్షల్లో ఆయనవీ ఉన్నాయి. పోయినవాళ్లను వేరుచెయ్యకుండానే లెక్క నడిపాను. ఆయన లేడని లెక్కకేం తెలుసు? ఈ ఏడాదికి నాన్న ఊపిరి ఇంత ఉంటుందని చూపించింది. చాలా కొంచెం. ఆ కొంచెమే నా చెవి పక్కన ఆడుతోంది.

ఇక రాయాలా వద్దా అని ఇంతసేపూ తటపటాయించిన మాట. చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

ఆ షెడ్డులోనే నాన్నతో పనిచేసిన ముసలి మేస్త్రి ఆసుపత్రి బండెక్కుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. “మీ నాన్న నువ్వు బడికెళ్లే రోజుల్లోనే సిగరెట్ మానేశాడు తల్లీ. ‘దగ్గితే చాలు, మా ఆవిడ జేబులు తడుముతుంది’ అని నవ్వేవాడు” అన్నాడు.

మానేశానని నీమీద ఒట్టేస్తే నువ్వు నమ్మలేదు. దొంగ ఒట్టు పెట్టుకుని పోయావని ఇప్పటికీ ఆయన ఫోటోతో పోట్లాడతావు. ఆ దగ్గు రాతిదుమ్ముదమ్మా. నాన్న నీతో నిజమే చెప్పాడు.

ఆదివారం బస్సుకు వస్తున్నాను. ఈలోగా ఆయన్నేమీ అనకు.

ఇట్లు,
నీ పెద్దది