రిబ్బను కట్టవద్దు

ప్రొద్దుటూరు, 9 జూన్ 1993. మబ్బు పట్టింది, వాన లేదు. పొద్దున అంగడి ముందు ఊడ్చి నీళ్లు చల్లాను.

చిరంజీవి దేవపాలుకు మామ రాయునది.

ఈ ఊరొచ్చి నాపరాయి పాలిష్ మిషను పెడతాను, నువ్వూ నీ స్నేహితులూ కలిసి అయిదుగురూ వాటా వేయండి అన్నావు. కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లకు తలా కొంత వేసి నిలబెట్టడం మాకిష్టమే. జమ్మలమడుగులో హబీబుల్లాకు అలాగే పెట్టించాం.

ఆ మిషను ప్రారంభానికి అక్కడి రెండు ముఠాల్లో ఒక నాయకుణ్ణి పిలిస్తే రెండో ఆయనకు పగ. అందుకని ఇద్దరినీ పిలిచాం. "కత్తెర్లు గూడా రెండు తెద్దాం మామా," అన్నాడు మాలో ఒకడైన వలి బాషా. అందరం నవ్వాం. తెచ్చింది ఒకటే. రిబ్బను ఎవరు కత్తిరించాలని వాళ్ల మనుషుల మధ్య మాట పెరిగింది. కత్తెర పళ్లెం పట్టుకుని హబీబుల్లా మధ్యలో నిలబడ్డాడు. బాంబులు పడ్డాయి. నాయకులిద్దరూ జీపులెక్కి వెళ్లారు. హబీబుల్లా అక్కడే పోయాడు.

నిన్న ఆ నాయకుల్లో ఒకాయన మనిషి నా అంగడికి వచ్చాడు. "మీ అల్లుడు ఈడ మిషను పెడ్తాండాడంట గదా మామా. మీకు భయమైతే దుడ్లు మా అన్న పెడ్తాడులే. మొదటి వాటా మాది," అన్నాడు.

తీసుకుంటే రెండో ఆయనకు శత్రువువి, వద్దంటే ఈయనకు. మిషను ఆలోచన మానుకున్నానని నాకొక కార్డు రాయి, వాళ్లకు చూపిస్తాను. నువ్వున్న బళ్లారిలోనే పెట్టుకో. నా వాటా పంపుతాను. రిబ్బను మాత్రం కట్టవద్దు.

హబీబుల్లా మిషను దుమ్ము పట్టిపోతోంది. దాని మీద పట్ట కప్పమని అతని భార్య మహమూదా అడిగింది. ఇందాక వలి బాషా, నేను పోయి కప్పి వచ్చాం.